గురుగ్రహం మీద పరిశోధన చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి తోటే మా జీవనాధారం. మా అమ్మాయి అమలాపురంలో గణితం, భౌతికశాస్త్రాలతో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. గురుగ్రహపు అయస్కాంత క్షేత్రంలోని ప్లాస్మా మీద పరిశోధన చేస్తానంటోంది. బంధువులు ఎంసీఏ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం మాటకు వచ్చేముందు, మీ అమ్మాయి అడుగుతున్నదేమిటో మీకు తెలియాలి. గురుగ్రహం పది గంటల లోపే తన చుట్టూ తాను తిరిగే గ్రహం. దాని చంద్రుల్లో ఒకటైన అయో మీది అగ్నిపర్వతాల పుణ్యమా అని, సెకనుకు సుమారు ఒక టన్ను గంధకం, ఆక్సిజన్ అంతరిక్షంలోకి చేరతాయి. ఎలక్ట్రాన్లు ఊడిపోయి విద్యుదావేశం పొందిన ఆ కణాలనే ప్లాస్మా అంటాం. గ్రహపు అయస్కాంత క్షేత్రం వాటిని పట్టుకుని తనతోపాటే తిప్పుతుంది. అయో సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో తన కక్ష్యలో పోతుంటే, ప్లాస్మా 74 కిలోమీటర్ల వేగంతో వెనకనుంచి వచ్చి దాన్ని దాటిపోతుంది. వరద గోదావరిలో వాలునే పోతున్నా, నీటికంటే మెల్లగా సాగే నావను ప్రవాహం ఒరుసుకుంటూ పోవడం మీరు చూసే ఉంటారు. ఆ ఒరిపిడికి అయస్కాంత రేఖలు తీగల్లా కంపించి పుట్టే ఆల్ఫ్‌వెన్ తరంగాలు ఆ రేఖల వెంటే గురుగ్రహపు ధ్రువాలకు చేరి, అక్కడ ఒక వెలుగు చుక్కను పుట్టిస్తాయి. నావ పోలిక ఇంతవరకే పనికొస్తుంది, ఎందుకంటే ప్లాస్మా బయటికి విస్తరిస్తూ ఆ రేఖలనే సాగదీస్తుంది. పైగా, విస్తరించేకొద్దీ చల్లబడాల్సింది పోయి వేడెక్కుతుంది; ఎందుకన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

ఇక ఉద్యోగం. గురుగ్రహం పేరుతో మన దేశంలో ఖాళీలు పడవు. కానీ ఈ శాస్త్రమే గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో కేంద్రక సంలీన (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే) ప్రయోగాలకూ ఆధారం. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల, తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాల తయారుచేసిన పరికరాలే 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన సూర్య పరిశీలక నౌక ఆదిత్య-ఎల్1లో, సూర్యుడి నుంచి వీచే సౌరపవనపు ప్లాస్మాను కొలుస్తున్నాయి. అందుచేత గ్రహాన్ని చివరి మెట్టుగా ఉంచుకుని, ముందు విద్యుదయస్కాంత శాస్త్రం, అవకలన సమీకరణాలు గట్టిగా చదవమనండి. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి మంచి చోట ఎమ్మెస్సీ, తర్వాత జెస్ట్, గేట్ లేదా నెట్ పరీక్షల ద్వారా పీహెచ్‌డీ. నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. కాబట్టి ఆ దశలో తోట తాకట్టు పెట్టే అవసరం రాదు. అయితే శాశ్వత ఉద్యోగాలు తక్కువ, స్థిరపడేసరికి ముప్పై దాటుతుంది. ఈ మాట దాచి ఆశ పెట్టడం నాకిష్టం లేదు.

మీ బంధువులు పూర్తిగా తప్పనీ అనను. ఈ పరిశోధనలో సగం పని ప్రోగ్రాములు రాయడమే. 2016 జులైలో గురుగ్రహపు కక్ష్యలోకి చేరిన జూనో నౌక కొలతలను నాసా అందరికీ ఉచితంగా ఇస్తోంది. పైథాన్ నేర్చుకుని వాటిలో ఒక్క పరిభ్రమణపు అయస్కాంత క్షేత్రాన్ని గ్రాఫుగా గీసి చూపమనండి. ఈ అలవాటు ఎటు వెళ్లినా వృథా కాదు. యూరప్ పంపిన జ్యూస్ నౌక 2031 జులైలో అక్కడికి చేరాలి. అనుకున్నట్లు సాగితే అప్పటికి మీ అమ్మాయి పరిశోధనలో ఉంటుంది.

మరొక పరీక్ష మీ తోటలోనే పెట్టవచ్చు. గురుగ్రహం రేడియో తరంగాలు వెలువరిస్తుందని 1955లో బర్క్, ఫ్రాంక్లిన్ కనుగొన్నారు. వాటిలో కొన్నింటి వెనక అయో ఉంది. సుమారు ఏడు మీటర్ల రాగి తీగను నడిమికి తెంచి, ఆ చోట కేబుల్ కలిపి, రెండు కొబ్బరి చెట్ల మధ్య నైలాను తాళ్లతో కట్టి, 20.1 మెగాహెర్ట్జ్ దగ్గర మంచి షార్ట్‌వేవ్ రిసీవర్ పెడితే, గ్రహం నడినెత్తికి వచ్చే రాత్రుల్లో అప్పుడప్పుడు అంతర్వేది తీరంలో వినబడే అలల హోరు లాంటి చప్పుడు వినిపిస్తుంది. ఉరుముల రోజులు పనికిరావు. ఏ రాత్రి వినిపించే అవకాశం ఉందో అయో స్థానాన్నిబట్టి తానే లెక్కగట్టి, చాలా రాత్రులు ఏమీ వినిపించకపోయినా, నెల రోజులు నోటుబుక్కులో రాసుకోమనండి. మూడో రోజుకే ఆ పుస్తకం మూలన పడితే ఎంసీఏ దరఖాస్తు తెప్పించండి. నెలాఖరుకు మరో పుస్తకం కొనమని అడిగితే జామ్ పాత ప్రశ్నపత్రాలు తెప్పించండి.