లూప్ అర్థమైందంటారు, రాయమంటే చేతులెత్తేస్తారు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ వాళ్లకి సి ప్రోగ్రామింగ్ చెప్తున్నాను. క్లాసులో అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. ల్యాబ్ లిస్టులో ఉన్న ఫ్యాక్టోరియల్, ప్యాలిండ్రోమ్, మ్యాట్రిక్స్ గుణకారం చకచకా టైపు చేసేస్తారు. లిస్టులో లేని చిన్న లెక్క ఇస్తే మాత్రం ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు. ఇంటర్నల్స్ దగ్గరపడ్డాయి, సిలబస్ మిగిలే ఉంది, టెన్షన్‌గా ఉంది. ఎక్కణ్నుంచి సరిచేసుకు రావాలి సార్?
– ఒక అధ్యాపకురాలు, బెంగళూరు

జవాబు: మీ పిల్లలకి ప్రోగ్రామ్ చదవడం రాదమ్మా. రాయడం సంగతి తర్వాత. లిస్టులో ఉన్నవన్నీ వాళ్లకి ఎక్కాల్లా నోటికొచ్చేశాయి, ఏ లైను ఎందుకుందో తెలియకపోయినా వేళ్లు టైపు చేసుకుంటూ పోతాయి. అర్థమైందని వాళ్లనడం అబద్ధమేం కాదు పాపం, మీరు బోర్డు మీద రాస్తూ చెప్తుంటే ఒక్కో లైనూ అర్థమవుతూనే ఉంటుంది, అవే లైన్లు నడుస్తున్నప్పుడు ఏ వేరియబుల్‌లో, అంటే అంకెని దాచుకునే ఏ గడిలో, ఏ అంకె ఎప్పుడు మారుతోందో మాత్రం వాళ్ల కంటికి కనపడదు.

వచ్చే ల్యాబ్‌లో కంప్యూటర్లు ఆపించి తలా ఒక తెల్లకాగితం ఇవ్వండి. లెక్క ఇదీ: రోజూ పడిన వాన ఎన్ని మిల్లీమీటర్లో ఒక్కో అంకే ఇస్తూ పోతాం, 99999 వస్తే ఆపెయ్యాలి, మైనస్ అంకె వస్తే తప్పుడు రీడింగ్ కాబట్టి వదిలెయ్యాలి, చివర్లో సగటు చెప్పాలి. ఇది నేను కల్పించింది కాదు. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఎలియట్ సోలోవే 1980లలో విద్యార్థుల మీద ప్రయోగించిన లెక్కకి కాస్త దగ్గరి రూపం, దానికి రెయిన్‌ఫాల్ ప్రాబ్లమ్ అని పేరే పడిపోయింది. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, అక్కడా బోలెడుమంది బోల్తా పడ్డారు. కాబట్టి మీ కాలేజీ పిల్లల్నొక్కళ్లనే అనుకోనక్కర్లేదు.

12, 0, -5, 31, 99999 ఇచ్చి చూడండి. సరైన జవాబు: మొత్తం 43, రోజులు 3, సగటు 14.33. క్లాసులో మీకొచ్చే జవాబులు వేరేగా ఉంటాయి. కొందరు వాన పడని 0 రోజుని లెక్కలోంచి తీసేస్తారు. కొందరు మొత్తాన్నీ రోజుల్నీ రెండూ ఇంట్‌గా, అంటే దశాంశాలు పట్టని పూర్ణాంకాలుగా, పెట్టి భాగించి 14 తెస్తారు. మరికొందరు 99999ని కూడా కూడేసి, మొత్తం 100042, రోజులు 4, సగటు 25010 అని రాసి ప్రశాంతంగా పేపరు ఇచ్చేస్తారు. అంటే బెంగళూరులో రోజుకి పాతిక మీటర్ల వాన! సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ఒక్క గంట వాన పడితేనే మన గతేమవుతుందో తెలిసిన పిల్లలు, ఆ అంకె చూసి ఒక్కరూ ఉలిక్కిపడరు. ప్రోగ్రామ్ ప్రకారం వచ్చింది కాబట్టి సరైనదే అనుకుంటారు, నాకు అన్నిటికంటే భయం వేసేది అదే.

ఇప్పుడు ఆ కాగితం మీదే టేబుల్ గీయించండి. రీడింగ్, షరతు నిజమా కాదా, మొత్తం, రోజులు – నాలుగు గడులు. లూప్, అంటే మళ్లీ మళ్లీ నడిచే ఆ లైన్ల గుంపు, ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కో వరస నింపాలి. 99999 దగ్గరికి వచ్చేసరికి పిల్లాడికే తెలిసిపోతుంది, చదవగానే కూడేశాను, ఆపాలా వద్దా అని ఆ తర్వాత అడిగాను అని. మీరు చెప్పక్కర్లేదు. లూప్‌కి ముందు ఒకసారి చదివి, లూప్ చివర్లో మళ్లీ చదవాలన్న అమరిక అక్కడ పుడుతుంది. మొదటి అంకే 99999 అయితే సున్నాతో భాగించాల్సి వస్తుంది కదా అని ఎవరో ఒకరు అడుగుతారు కూడా. మీ ల్యాబ్ లిస్టు ఒకసారి తీసి చూడండి, చాలావరకు 1 నుంచి ఎన్ దాకా తిరిగే ఫర్ లూపులే అయ్యుంటాయి. ఎన్నిసార్లు తిరగాలో ముందే తెలియని లూప్ వాళ్లెప్పుడూ సొంతంగా కట్టలేదు, మరి కొత్త లెక్క ఇస్తే ఎలా వస్తుంది?

రాయడానికి బెదిరే పిల్లలకి ఇంకో దారి ఉంది. సరైన ప్రోగ్రామ్‌నే ప్రింటు తీసి లైన్లు విడివిడిగా కత్తిరించి కలిపేసి ఇవ్వండి, వరసలో పేర్చమనండి. పక్కవాళ్లతో కలిసి చేయనివ్వండి, ఏ భాషలో వాదించుకున్నా సరే. న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ అనే అధ్యాపకులు 2006లో ఈ పద్ధతి గురించి రాశారు, ఇప్పుడు అందరూ పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటున్నారు. లైను చివర సెమికోలన్ మర్చిపోయే గొడవ ఉండదు, బుర్రంతా వరస మీదే పెట్టొచ్చు.

టైమ్ ఎక్కడిదంటారా, రికార్డు రాయించే టైమ్‌లోంచి తీసుకోండి. ప్రింటులో ఉన్నదాన్నే చేత్తో దించి, అవుట్‌పుట్ పెన్సిల్‌తో రాసి, సంతకం పెట్టించుకునే ఆ తంతు వల్ల బాగుపడేది పెన్నుల కంపెనీ ఒక్కటే. రికార్డు మానేస్తే హెచ్ఓడీ ఒప్పుకోరు, నాకు తెలుసు. ఉన్న రికార్డులోనే ప్రతి ప్రోగ్రామ్ కింద ఈ టేబుల్ కూడా ఉండాలని పెట్టండి, ఎవరూ కాదనరు. ఇంటర్నల్స్ పేపర్లో ఒక ప్రశ్న టేబుల్ మీద ఇచ్చారంటే మిగతాది వాళ్లే చూసుకుంటారు, మార్కులుంటే మన పిల్లలు దేన్నీ వదలరు.

పనిలో పని, మీ ల్యాబ్ వైవాలో ఐ ప్లస్ ప్లస్, ప్లస్ ప్లస్ ఐ (రెండూ ఐ విలువని ఒకటి పెంచేవే) రెండూ కూడితే ఎంత అని అడిగేవాళ్లుంటే దండం పెట్టి ఆపించండి. ఒకే వేరియబుల్‌ని ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో అలా రెండుసార్లు మారిస్తే ఏం జరగాలో సి భాష నియమాల పుస్తకం, సి స్టాండర్డ్, చెప్పనే లేదు, ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ఒక కంపైలర్‌లో ఒకటి వస్తుంది, ఇంకోదాంట్లో ఇంకోటి. అయినా ఏళ్ల తరబడి ఆ నీలం స్క్రీన్ పాత కంపైలర్ టర్బో సిలో వచ్చిన అంకెనే వేదంలా చెప్పించి మార్కులేస్తున్నాం. జీసీసీ అనే కంపైలర్‌లో వార్నింగులు ఆన్ చేసి నడిపితే అదే చెప్తుంది ఇది తేడా యవ్వారమని.

ప్రశ్న: రెండు లూపుల లోపల్నుంచి ఒకేసారి బయటికి రావడానికి గోటూ (నేరుగా వేరే లైనుకి దూకించే ఆదేశం) వాడితే మేడమ్ రెండు మార్కులు కట్ చేశారు. భాషలో ఉన్నదాన్ని వాడితే తప్పేంటి?
– బీఈ విద్యార్థి, కె.ఆర్.పురం

జవాబు: తప్పేం లేదు నాయనా, కానీ మేడమ్ కోపం వెనక పెద్ద కథుంది. ఏ ప్రోగ్రామైనా వరసగా నడవడం, షరతు మీద దారి మారడం, మళ్లీ మళ్లీ తిరగడం, ఈ మూడింటితోనే కట్టొచ్చని బోమ్, జకోపిని అనే ఇద్దరు 1966లో చూపించారు. 1968 మార్చిలో డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక చిన్న ఉత్తరం అచ్చేయించాడు. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చామో చెప్పడానికి ఏదో ఒక గుర్తు ఉండాలి, గోటూలు ఇష్టమొచ్చినట్టు వాడితే ఆ గుర్తు దొరకదని ఆయన బాధ. పై జవాబులో గీయమన్న టేబుల్‌ని గోటూలు నిండిన ప్రోగ్రామ్‌కి గీసి చూడు, నీకే తెలుస్తుంది. అయితే 1974లో క్నూత్ అనే ఇంకో శాస్త్రవేత్త గోటూ పనికొచ్చే చోట్లు కూడా ఉన్నాయని పెద్ద వ్యాసమే రాశాడు. సిలో బ్రేక్ అనే ఆదేశం ఒక్క లూప్‌లోంచే బయటపడేస్తుంది కాబట్టి నువ్వు వాడింది అలాంటి చోటే. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌లో తప్పు జరిగితే అన్నీ సర్దుకుని బయటికి రావడానికి ఇప్పటికీ వాడతారు. ఆ రెండు మార్కుల కోసం మాత్రం గొడవ పెట్టుకోకు. అదే పనిని ఒక ఫంక్షన్‌లో, అంటే విడిగా పేరు పెట్టిన ప్రోగ్రామ్ ముక్కలో, పెట్టి రిటర్న్‌తో బయటికి వచ్చేలా రాసి చూపించు, ఆవిడా మెచ్చుకుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి సీబీఎస్ఈలో పైథాన్ భాష నేర్చుకున్నాడు. కాలేజీలో సి మొదలుపెట్టారు. నేర్చుకున్నదంతా వృథా అని దిగులు పడుతున్నాడు. కోచింగ్‌లో చేర్పించాలా?
– ఒక తండ్రి, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: వద్దండీ. లూపులూ షరతులూ ఫంక్షన్లూ ఎక్కడైనా అవే. మొదట్లో వేరియబుల్ రకం చెప్పడం మర్చిపోతాడు, అంకె చదివే స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌శాండ్ (&) గుర్తు వదిలేస్తాడు, పైథాన్‌లో 7ని 2తో భాగిస్తే వచ్చే 3.5 సిలో 3 ఎందుకైందని జుట్టు పీక్కుంటాడు. అరే, అంటే వరసగా పేర్చిన విలువల జాబితా, హద్దు దాటినా సి నోరు మెదపదు, అది ఒక్కటీ కాస్త జాగ్రత్తగా చూసుకోమనండి. ఆ కోచింగ్ డబ్బులతో ఇంట్లో ఇంటర్నెట్ బిల్లు కట్టండి, జీసీసీ ఉచితమే.