విమానాల పనిలో డ్రిల్, కౌంటర్‌సింక్ ఒకే టూల్‌తో కొట్టడం మంచిదేనా?

రంధ్రం వేసే డ్రిల్, రివెట్ తల మునిగేలా దాని మూతిని గరాటులా కోసే కౌంటర్‌సింక్, రెండూ కలిసున్న టూల్‌ని మెషీన్ మీదయితే నిశ్చింతగా వాడండి. చేత్తో పట్టుకునే ఎయిర్ డ్రిల్‌కి మాత్రం వద్దు. మీరు అడిగినదానికి నా జవాబు ఇదే. కారణం కూడా తెలిసి ఉండాలి, లేకపోతే ‘టైమ్ కలిసొస్తుంది’ అనే ఒక్క మాటతో మిమ్మల్ని ఒప్పించేస్తారు.

నేను స్ట్రక్చర్ అసెంబ్లీలో ఉన్నప్పుడు అల్యూమినియం స్కిన్‌ని (పైరేకుని) రిబ్‌ల (లోపలి చట్రం పట్టీల) మీద, తల రేకుతో సమంగా కూర్చునే 100 డిగ్రీల ఫ్లష్ రివెట్లతో బిగించే ప్యానెల్ ఒకటి వచ్చింది. పని వెనకబడిందని మా చేతికి ఈ కాంబినేషన్ టూల్ ఇచ్చారు. మొదటి వరసలోనే కౌంటర్‌సింక్ గోడల మీద గీతలు పడ్డాయి. టార్చి ఏటవాలుగా వేస్తే పూలరేకుల్లా కనిపించేవి, గోరుతో గీస్తే తగిలేవి. టూల్ మొద్దుబారిందని కొత్తది వేశారు. అవే గీతలు. స్పీడ్ తగ్గించారు, కాస్త నయమైంది కానీ పూర్తిగా పోలేదు.

మా సీనియర్ టెక్నీషియన్ ఒకాయన వచ్చి టూల్ వైపు కూడా చూడలేదు. డ్రిల్ చేస్తున్న కుర్రాడి మోచేతినే చూస్తూ నిలబడ్డారు. డ్రిల్ మొన అవతలికి దిగిన క్షణంలో ఎదురొత్తిడి ఒక్కసారిగా పోతుంది, చెయ్యి మాత్రం ఇంకా నెడుతూనే ఉంటుంది. ఆ ఊపులో కౌంటర్‌సింక్ అంచు వచ్చి రేకు మీద పడుతుంది. ఆయన ముందు డ్రిల్ మాత్రమే కొట్టించారు. తర్వాత పైలట్ (రంధ్రంలో దూరి దారి పట్టే మొన) ఉన్న కౌంటర్‌సింక్‌ని, లోతు మించకుండా ఆపే మైక్రోస్టాప్ కేజ్‌లో పెట్టించి, నెమ్మదిగా, నిలకడగా ఒత్తమన్నారు. గోడ నున్నగా వచ్చింది.

స్పీడ్‌తో ఇంకో చిక్కు ఉంది. ఆర్‌పీఎం ఒకటే అయినా కౌంటర్‌సింక్ వ్యాసం పెద్దది కాబట్టి దాని అంచు లోహం మీద డ్రిల్ కంటే వేగంగా పోతుంది. డ్రిల్‌కి సరిపోయే స్పీడ్ దానికి ఎక్కువైపోతుంది. గీతలు తెచ్చే ఆ అదురుకి (చాటర్‌కి) సగం కారణం ఇదే.

గీతలదేముంది అనుకోకండి. అదే ఊపు లోతు కూడా పెంచుతుంది. పల్చటి రేకులో కౌంటర్‌సింక్ అడుగుదాకా దిగితే రంధ్రం అంచు కత్తి అంచులా మిగులుతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. 1988లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కి గాల్లోనే పైకప్పు ఎగిరిపోయి, విమాన సిబ్బందిలో ఒకరు చనిపోయారు. అక్కడ రేకుల మధ్య అతుకు ఊడి భారం రివెట్ల మీద పడింది. 0.036 అంగుళాల స్కిన్‌లో కౌంటర్‌సింక్ పూర్తి మందం దిగి ఉండటంతో ఆ పదునైన అంచుల దగ్గర ఫెటీగ్ (పదేపదే భారం పడటంతో వచ్చే) పగుళ్లు పుట్టాయి. అది డిజైన్‌లోనే ఉన్న లోపం, టూల్ తప్పు కాదు. కానీ ఆ అంచు ఎంత ప్రమాదకరమో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఫీడ్‌ని, అంటే టూల్ ముందుకెళ్లడాన్ని, మెషీనే నడిపించే డ్రిల్లింగ్ యూనిట్లలో ఈ గొడవ లేదు. మొన బయటపడ్డా టూల్ అదే లెక్కన ముందుకెళ్తుంది. పైగా రంధ్రం, కౌంటర్‌సింక్ ఒకే సెంటర్ మీద పడతాయి. అక్కడ దీన్ని మించింది లేదు.

ప్లానింగ్ వాళ్ల మీద నాకున్న కోపం కూడా చెప్పేస్తాను. రంధ్రానికి ఇన్ని సెకన్లు మిగిలాయని లెక్కేస్తారు. రేకుల మధ్య బర్ (కోత అంచున మిగిలే లోహపు ముళ్లు) పుడితే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ క్లెకోలు (రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే క్లిప్పులు) పెట్టాల్సిందేగా? ఆ టైమ్ వాళ్ల కాగితంలో ఉండదు. రీగ్రైండ్‌కి (మళ్లీ పదును పెట్టడానికి) వెళ్లొచ్చిన టూల్‌ని కొలవకుండానే ఇచ్చేస్తారు. డ్రిల్ భాగం పొట్టిదైతే మొన రేకుల్లోంచి పూర్తిగా బయటపడకముందే కౌంటర్‌సింక్ కోత మొదలవుతుంది. అప్పుడు రెండూ కలిసి కోస్తాయి, ఒత్తిడి పెరుగుతుంది.

తప్పనిసరిగా చేత్తోనే వాడమంటే, డ్రిల్ భాగం పొడవు మీ రేకుల మొత్తం మందం కంటే ఎక్కువ ఉందో లేదో ముందు కొలవండి. అదే మందం ఉన్న స్క్రాప్ ముక్కలు గట్టిగా బిగించి కొట్టి, అసలు రివెట్ పెట్టి తల ఎక్కడ కూర్చుందో చూశాకే ప్యానెల్ ముట్టుకోండి.