రొయ్యలు బాగానే తింటున్నాయి కదా, టెస్టు దేనికి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలం. ఐదెకరాల్లో రెండు చెరువులు. మొత్తం 8 లక్షల వనామి రకం రొయ్య సీడు (పిల్లలు) వేశాను. 60 రోజులైంది, 120 కౌంటు (కిలోకు 120 రొయ్యలు) వచ్చింది. మేత బాగా తింటున్నాయి, మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రేల్లో చచ్చిన రొయ్య ఒక్కటీ కనబడలేదు. పక్క రైతు చెరువులో నాలుగు రోజుల కిందట వైట్ స్పాట్ (తెల్లమచ్చల జబ్బు) వచ్చిందన్నారు. సీడు తెచ్చినప్పుడు, పిల్లలను పుట్టించి అమ్మే హేచరీ వాళ్లు పీసీఆర్ నెగెటివ్ రిపోర్టు ఇచ్చారు. అయినా ఇప్పుడు మళ్లీ టెస్టు చేయించమని మా బావగారు పోరుతున్నారు. జబ్బు లేని రొయ్యకు టెస్టు దేనికండీ? కరోనా టైములో జ్వరం లేనివాళ్లకు కూడా చేశారు, అలాంటిదేనా ఇది? ఒకవేళ పాజిటివ్ వస్తే వెంటనే పట్టేయాలా?

జవాబు: మీ బావగారు చెప్పింది సరైన మాట. టెస్టు చేయించండి, అదీ రేపే. వైట్ స్పాట్ వైరస్ ఉన్న రొయ్య చాలా రోజులు మామూలుగానే తిరుగుతుంది, మామూలుగానే తింటుంది. మేత తగ్గి, ఒళ్లు ఎర్రబారి, గట్టు వెంట నీరసంగా తిరగడం మొదలయ్యాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు. పైగా వనామిలో తల మీద తెల్లమచ్చలు చాలాసార్లు స్పష్టంగా కనబడవు. మచ్చ కోసం చూస్తూ కూర్చున్న రైతుకు తెలిసేసరికి చేతిలో రోజులుండవు. పీసీఆర్ టెస్టు వల్ల మీకు వచ్చేది ఆ రోజులే.

కరోనా సంగతి అడిగారు, ఆ పోలిక చాలావరకు సరిపోతుంది. 2020 ఫిబ్రవరిలో ఇటలీలో కోవిడ్‌తో మొదట చనిపోయింది వో అనే చిన్న ఊరి మనిషి. మూడు వేల చిల్లర జనాభా. లక్షణాలు ఉన్నా లేకపోయినా ఊళ్లో చాలామందికి, కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు టెస్టులు చేశారు. పాజిటివ్ వచ్చినవాళ్లలో 40 శాతానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు. జ్వరం వచ్చినవాళ్లకే చేసి ఉంటే వాళ్లంతా లెక్కలోకే వచ్చేవాళ్లు కాదు. మీ చెరువులోనూ జరిగేది అదే. ఒక్క తేడా మాత్రం పెద్దది. మనిషికి పాజిటివ్ వస్తే వేరే గదిలో ఉంచుతాం. రొయ్యను అలా వేరు చేయలేం. ఒకదానిలో ఉందంటే చెరువు మొత్తానికి ఉందనే అనుకోవాలి. నీరసపడ్డ రొయ్యను, చచ్చిన రొయ్యను మిగతావి పీక్కుతింటాయి. వైరస్ చెరువంతా పాకేది ఎక్కువగా ఆ దారినే.

ఇక హేచరీ రిపోర్టు. దాన్ని నమ్మొద్దని చెప్పను గానీ, అది ఏం చెబుతోందో సరిగ్గా తెలుసుకోవాలి. సాధారణంగా 150 పిల్లలను తీసి, అన్నింటినీ కలిపి ఒకే శాంపిల్‌గా టెస్టు చేస్తారు. ట్యాంకులో నూటికి రెండు పిల్లల్లో వైరస్ ఉంటే, ఆ 150లో కనీసం ఒకటి చిక్కే అవకాశం 95 శాతం. ఇది మంచి లెక్కే. కానీ నూటికి ఒక్క పిల్లలోనే ఉంటే, ఐదుసార్లలో ఒకసారికి పైగా ఆ 150లోకి వైరస్ ఉన్న పిల్ల రాదు. రిపోర్టు నెగెటివ్ అనే వస్తుంది. మీ 8 లక్షల్లో నూటికి ఒకటి అంటే 8,000 పిల్లలు. ల్యాబ్ వాళ్ల తప్పేమీ లేకుండానే 8,000 పిల్లలు వైరస్‌తో మీ చెరువులో దిగవచ్చు. ఇంకో మాట, ఆ రిపోర్టు మీద ట్యాంకు నంబరు, శాంపిల్ తీసిన తేదీ ఉన్నాయా చూడండి. హేచరీ మొత్తానికి కలిపి ఒకే రిపోర్టు ఇస్తే మీ సీడు గురించి అది ఏమీ చెప్పనట్టే. వచ్చే పంటకు మీరే వెళ్లి, మీ ట్యాంకులో నాలుగైదు చోట్ల నుంచి పిల్లలను మీ కళ్ల ముందు తీయించి, మీరే ల్యాబ్‌కు పట్టుకెళ్లండి. పైన చురుగ్గా ఈదే పిల్లలనే తీస్తే లాభం లేదు, అడుగున నీరసంగా ఉన్నవి కూడా అందులో ఉండాలి.

విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలకు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో టెస్టులు చేశాకే హేచరీలకు వదులుతారు. అక్కడ శుభ్రంగా ఉన్నవాటికి కూడా తరవాత హేచరీ నీళ్ల ద్వారానో, మేతగా వేసే బతికున్న సముద్రపు పురుగుల ద్వారానో వైరస్ రావచ్చు. చెరువుల్లో పెరిగిన రొయ్యలనే తల్లులుగా వాడే హేచరీల సీడు జోలికి మాత్రం అస్సలు పోవద్దు, ఎంత చవకగా ఇచ్చినా సరే.

అయినా మీ విషయంలో ఇప్పుడు సీడు కంటే పక్క చెరువే నాకు ఎక్కువ టెన్షన్. 60 రోజుల కిందటి రిపోర్టు నాలుగు రోజుల కిందట మొదలైన ముప్పు గురించి ఏం చెప్పగలదు? పీతలు గట్టు దాటి వస్తాయి. వాటిలో వైరస్ ఉన్నా అవి చావవు, జబ్బుపడ్డట్టు కూడా ఉండవు. కాకులు, కొంగలు చచ్చిన రొయ్యను అక్కడ నోట కరుచుకుని ఇక్కడ వదిలేస్తాయి. ఒకే విసురు వల రెండు చెరువుల్లో వాడటం, అక్కడ దిగిన కూలీలు అవే కాళ్లతో ఇక్కడ దిగడం, పక్కవాళ్లు తూము ఎత్తితే ఆ నీళ్లు అదే కాలువలో మీ మోటారు దగ్గరికి రావడం, ఇవన్నీ వైరస్‌కు దారులే.

కాబట్టి శాంపిల్ ఇలా తీయండి. ఒక్కో చెరువు నుంచి 30 రొయ్యలు చాలు, రెండు చెరువులవీ కలపొద్దు. చెక్‌ట్రేలోకి వచ్చిన రొయ్యలతోనే సరిపెట్టకండి, మేతకు వచ్చేది ఆరోగ్యంగా ఉన్న రొయ్యే. తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరిగితే, నీటి అంచున మెల్లగా కదిలేవి, పేగు ఖాళీగా ఉన్నవి, గుల్ల ఇంకా గట్టిపడనివి కొన్ని కనబడతాయి. సగం అలాంటివి, సగం చెరువు నాలుగు వైపుల నుంచి తీయండి. రొయ్యను చంపక్కర్లేదు. కడుపు కింద ఈత కాళ్లలో ఒకటి రెండు కత్తిరించి, 95 శాతం ఆల్కహాల్ ఉన్న సీసాలో వేస్తే చాలు. సీసా, ఆల్కహాల్ ల్యాబ్ వాళ్లే ఇస్తారు. ఈ వైరస్ మొప్పల్లో, ఈత కాళ్లలో, చర్మం కింద బాగా దొరుకుతుంది. మన రైతులు లివర్ అనే హెపాటోపాంక్రియాస్‌లో దీన్ని వెతకడం దండగ. ఎదుగుదల ఆపే ఈహెచ్‌పీ అనే ఇంకో జబ్బుకు మాత్రం ఆ లివరే కావాలి, అందుకే ఏ జబ్బు కోసం టెస్టో ల్యాబ్‌లో స్పష్టంగా చెప్పండి.

30 రొయ్యలతో చేసే టెస్టు, చెరువులో పదింట ఒకదానికి వైరస్ ఉంటే పట్టేసే అవకాశం 95 శాతం. అంతకంటే తక్కువ ఉంటే తప్పిపోవచ్చు. అందుకే ఒకేసారి పెద్ద శాంపిల్ తీయడం కంటే, నాలుగైదు రోజులకోసారి చొప్పున రెండు మూడు వారాలు 30 రొయ్యలు తీయడం మేలని నా అభిప్రాయం. ఇవాళ తప్పించుకున్న వైరస్ నాలుగు రోజుల్లో పెరుగుతుంది, అప్పుడు చిక్కుతుంది. వీటితోపాటు మీ రెండు చెరువుల మధ్య గట్టు మీద దొరికే పీతలను నాలుగైదు పట్టి విడిగా టెస్టు చేయించండి. పీతలకు పాజిటివ్, రొయ్యలకు నెగెటివ్ వస్తే మీకింకా సమయం ఉన్నట్టు. ఆ రోజే గట్టు చుట్టూ పీతల కంచె కట్టండి, పైన పక్షుల దారాలు లాగండి.

రిపోర్టు చేతికి వచ్చాక పాజిటివ్, నెగెటివ్ అన్న ఒక్క మాటతో ఆగిపోకండి. రెండు దశల పీసీఆర్ అయితే ఏ దశలో పాజిటివ్ వచ్చిందో అడగండి. మొదటి దశలోనే వస్తే వైరస్ బాగా పెరిగిందని అర్థం. రెండో దశలో మాత్రమే వస్తే ఇంకా తక్కువ మోతాదులో ఉంది. రియల్ టైమ్ పీసీఆర్ అయితే సీటీ విలువ ఇస్తారు, ఆ అంకె ఎంత చిన్నదైతే వైరస్ అంత ఎక్కువ.

మొదటి దశలోనే పాజిటివ్ వస్తే, రొయ్యలు ఎంత బాగా తింటున్నా ఆగొద్దు. 120 కౌంటుకు కొనేవాళ్లున్నారు, రేటు తక్కువైనా పట్టేయండి. వలతోనే పట్టండి, తూము మాత్రం ఎత్తొద్దు. పట్టుబడి అయ్యాక నీళ్లలో బ్లీచింగ్ కలిపి, కనీసం వారం రోజులు నిలవబెట్టి, ఆ తరవాతే వదలండి. రెండో దశ పాజిటివ్ అయితే పెంపకం కొనసాగించవచ్చు, కానీ చెరువు దగ్గర ఎప్పుడూ మనిషి ఉండాలి. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆపొద్దు, బయటి నీళ్లు పెట్టొద్దు, మేత కొంచెం తగ్గించండి, కౌంటు చూడటానికి రోజూ వల విసరొద్దు. పెద్ద వాన పడి నీరు చల్లబడినప్పుడు, తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గినప్పుడు రొయ్య మీద ఒత్తిడి పడుతుంది. అప్పటిదాకా అణిగి ఉన్న వైరస్ అదునుగా విరుచుకుపడుతుంది. ఇలాంటి చెరువుకు మూడు రోజులకోసారి టెస్టు చేయించండి, సీటీ అంకె పడిపోతుంటే పట్టుబడికి సిద్ధం కండి.

వైట్ స్పాట్‌కు మందు లేదు. ఇమ్యూనిటీ పెంచుతుందని, వైరస్‌ను కడిగేస్తుందని డబ్బాలు పట్టుకొచ్చేవాళ్ల మాట వినొద్దు. యాంటీబయోటిక్ అసలే వద్దు. అది వైరస్ మీద పనిచేయదు సరికదా, దాని అవశేషాలు రొయ్యలో దొరికితే ఎగుమతిలో సరుకు వెనక్కి వస్తుంది. ఆ డబ్బుతో పీతల కంచె వస్తుంది, నాలుగు టెస్టులు అవుతాయి.

ఫలితం ఏదైనా చుట్టుపక్కల రైతులకు చెప్పండి. ఇది మొహమాటపడే విషయం కాదు. మీ పక్క రైతు తన చెరువు సంగతి బయటికి చెప్పాడు కాబట్టే మీరిప్పుడు ఈ ప్రశ్న అడగగలిగారు. ఆయన ఇంకా నీళ్లు వదలకపోయి ఉంటే, వెళ్లి మాట్లాడి బ్లీచింగ్ వేయించండి, అవసరమైతే కాలువ మీద ఉన్న రైతులంతా తలా కొంత వేసుకోండి. మీ మత్స్యశాఖ అధికారికి కూడా తెలియజేయండి. జలచరాల జబ్బుల మీద 2013 నుంచి దేశమంతా ఒక నిఘా కార్యక్రమం నడుస్తోంది. అందులో జబ్బు లేని చెరువుల నుంచి కూడా శాంపిల్స్ తీస్తారు. వాళ్లు మీ గట్టు మీదికి వస్తే కాదనకండి. 2023లో వచ్చిన ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ అనే యాప్‌లో ఫొటోతో మీరే నేరుగా సమాచారం పంపవచ్చు.

ఈ పని రేపు తెల్లవారుజామునే మొదలుపెట్టండి. రెండు చెరువులకు రెండు సీసాలు, పీతలకు ఒకటి. ప్రతి సీసా మీద చెరువు నంబరు, తేదీ, రొయ్యల వయసు పెన్సిల్‌తో రాసి అంటించండి. పెన్నుతో రాస్తే ఆల్కహాల్ తగిలి చెరిగిపోతుంది.