జాబులు – జవాబులు: ఒకినావా బడిపిల్లలు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో ఒకినావా దీవిపై దాడి జరిగినప్పుడు బడిపిల్లలను కూడా యుద్ధంలోకి దింపారట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిజమే. అమెరికా సేనలు 1945 ఏప్రిల్ 1న జపాన్‌కు దక్షిణాన ఉన్న ఒకినావా ప్రధాన దీవిపై దిగడానికి కొద్దిరోజుల ముందే, జపాన్ సైన్యం 222 మంది విద్యార్థినులను, 18 మంది ఉపాధ్యాయులను గుహల్లో నడిపిన సైనిక ఆసుపత్రికి తరలించింది. ‘హిమెయురి’ దళంగా పేరుపడిన ఆ 240 మందిలో 136 మంది మరణించారు. జూన్ 18న, శత్రువు ముంగిట్లోకి వచ్చేశాక, దళాన్ని రద్దు చేస్తున్నామని, ఎవరి దారి వారు చూసుకోవాలని ఆజ్ఞాపించారు. అత్యధిక మరణాలు ఆ తరువాతి కొద్దిరోజుల్లోనే సంభవించాయి. నా దృష్టిలో ఇది యుద్ధతంత్రం కాదు, పిల్లలను వదిలించుకోవడం. పద్నాలుగేళ్ళు నిండిన మగపిల్లలు ఫిరంగి గుండ్ల మధ్య సందేశాలు మోశారు, తెగిన టెలిఫోన్ తీగలు అతికారు.

అవతలి పక్షానా కుర్రవాళ్ళే. హవాయిలో పుట్టి, ఒకినావాలో చదువుకుని, అమెరికా సైన్యంలో దుబాసీగా తిరిగివచ్చిన తకెజిరో హిగా ఎదుట ఒకరోజు ఇద్దరు ఖైదీలను నిలబెట్టారు. వాళ్ళు అతని పాత సహాధ్యాయులు. వాళ్ళు మాత్రం అతన్ని గుర్తుపట్టలేదు. తానెవరో అతను చెప్పాక ముగ్గురూ ఏడ్చారు.