అండమాన్‌లోనే వణుకు వచ్చింది, బాలికి ఎలాంటి వెట్‌సూట్ కొనాలి?

గుంటూరు నుంచి ఒకావిడ అడిగారు: అండమాన్‌లో స్కూబా డైవింగ్ మొదటి కోర్సు (ఓపెన్ వాటర్) చేశాను, నీళ్లు 28 డిగ్రీలు, వెచ్చగానే ఉంటాయన్నారు, అయినా రెండో డైవ్ సగానికే పళ్లు కటకటలాడాయి, సెప్టెంబర్‌లో బాలి వెళ్తున్నాను, డైవింగ్‌లో చలి ఆపడానికి ఒంటికి అతుక్కునేలా వేసుకునే రబ్బరు సూట్, అదే వెట్‌సూట్, సొంతంగా కొనాలంటే ఎన్ని మిల్లీమీటర్ల మందంది తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో కొనొచ్చా అని.

అండీ, నాది విజయవాడ. నాది సన్నటి ఒళ్లు, చలికి అస్సలు ఆగలేను. బోటులో అందరికన్నా ముందు వణికేది నేనే కాబట్టి ఈ విషయం మీద నాకు పట్టింపు ఎక్కువ. సూటిగా చెప్పాలంటే మీకు 5 మి.మీ. ఫుల్ సూట్, దాని లోపల వేసుకోడానికి తలని కప్పే హుడ్ ఉన్న పలచటి వెస్ట్ కావాలి. అయితే మిల్లీమీటర్లు చూసేముందు ఫిట్టింగ్ చూడండి. ఒంటికి సరిగ్గా అతుక్కున్న 3 మి.మీ. సూట్ ఇచ్చే వెచ్చదనం లూజుగా ఉన్న 7 మి.మీ. సూట్ ఇవ్వదు.

28 డిగ్రీల నీళ్లలో వణుకేంటని మీ గ్రూపులో ఎవరైనా నవ్వి ఉంటే పట్టించుకోకండి. మన చర్మం 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీళ్లు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. సిలిండర్‌లోంచి వచ్చే గాలి కూడా చల్లగా, పొడిగా ఉంటుంది, దాన్ని ప్రతి ఊపిరికీ మన ఒళ్లే వెచ్చబెట్టాలి. మొదటి డైవ్‌లో పోయిన వేడి పూర్తిగా తిరిగి రాకముందే రెండోసారి దూకుతాం. అందుకే సూట్ సరిపోతుందా లేదా అన్నది ఆ రోజు చివరి డైవ్ ఆఖరి పది నిమిషాలను బట్టి తేల్చుకోవాలి, మొదటి డైవ్‌ని బట్టి కాదు.

ఇది ఓర్చుకోవాల్సిన విషయం కూడా కాదు. చలేస్తే ఊపిరి వేగం పెరిగి గాలి త్వరగా అయిపోతుంది, వేళ్లు మాట వినవు. పైకి వచ్చేటప్పుడు, మధ్యలో 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ దగ్గర ఒళ్లు చల్లబడి ఉంటే కాళ్లకీ చేతులకీ రక్తం తక్కువగా అందుతుంది, ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి రావడం నెమ్మదిస్తుంది. ఆ నైట్రోజన్ ఒంట్లోనే బుడగలు కట్టే ప్రమాదం, అంటే డీకంప్రెషన్ రిస్క్, పెరిగేది అక్కడే. అలవాటైపోతుందిలే అని ఎవరన్నా సరే, వణుకు మొదలైతే రెండు చేతులూ కట్టుకుని భుజాలు రుద్దుకుంటూ చలి సైగ చేయండి, డైవ్ ముగించండి.

వెట్‌సూట్ లోపల చేరిన నీళ్లే మనల్ని వెచ్చగా ఉంచుతాయని చాలామంది చెప్తారు. నిజానికి ఆ పని చేసేది నియోప్రీన్. అది రబ్బరు నురగ లాంటిది, నిండా సన్నటి గ్యాస్ బుడగలు ఉంటాయి, చలిని ఆపేది ఆ బుడగలే. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త పట్టుకున్న కిటుకు ఇదే: బట్టలో గ్యాస్ ఉంటే చాలు, ఒళ్లు తడిసినా ఫర్వాలేదు. లోపలికి వచ్చిన నీళ్లు కొంచెమే ఉండాలి, వచ్చినవి కదలకుండా ఉండాలి. మీరు వంగిన ప్రతిసారీ కొత్త నీళ్లు వీపు మీదుగా జారిపోతుంటే నియోప్రీన్ ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. పైగా లోతుకి వెళ్లేకొద్దీ ఆ బుడగలు నొక్కుకుపోతాయి. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, 30 మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. మీరు కొన్న 5 మి.మీ. అక్కడ 5 మి.మీ. గా ఉండదు.

ఇక ఫిట్టింగ్. మొదట చూడాల్సింది నడుము వెనక, వెన్ను లోపలికి వంగే చోటు. చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, సూట్ అక్కడే గుడారంలా లేస్తుంది. వేసుకుని నిలబడి ఇంకొకరిని ఆ చోట రెండు వేళ్లతో పట్టి లాగమనండి. సులువుగా గుప్పెడు చేతికి వస్తే ఆ సూట్ మీది కాదు. తర్వాత చంకలు, గజ్జలు. చేతులు పైకెత్తితే చంకలో ఖాళీ రాకూడదు, గొంతుక్కూర్చుని లేస్తే కింద జారి వేలాడకూడదు. మెడ దగ్గర ఒక వేలు ఇరుకుగా దూరితే సరిపోతుంది. అంతకన్నా బిగుతైతే మెడలోని రక్తనాళాలు నొక్కుకుని తల తిరగొచ్చు, దాంట్లో మొహమాటపడకండి. ఛాతీ నిండా గాలి పీల్చినప్పుడు అడ్డు తగలకూడదు. బయట కొంచెం ఇరుగ్గా అనిపించిన సూట్ నీళ్లలో సరిపోతుంది, బయటే హాయిగా ఉంటే నీళ్లలో లూజు అవుతుంది. యూనిసెక్స్ అని అమ్మేవి వద్దు, ఆడవాళ్ల కటింగ్‌దే తీసుకోండి. లూజుది కొని టైలర్ దగ్గర బిగుతు చేయించుకుందామనుకోవద్దు. మామూలు మిషన్ కుట్టు వేస్తే సూది దిగిన ప్రతి చోటా నీళ్లు కారతాయి.

కుట్టు అన్నాను కాబట్టి అదీ చూడండి. సూట్‌ని తిరగేస్తే లోపలా బయటా ఒకే రకం చదును కుట్టు కనిపిస్తే అది ఫ్లాట్‌లాక్, దారం ఇవతల నుంచి అవతలికి వెళ్లి ఉంటుంది. వెచ్చటి సముద్రాలకి, 3 మి.మీ. సూట్లకి అది చాలు. 5 మి.మీ. కొంటున్నప్పుడు అంచులు జిగురుతో అతికించి, సూది అవతలికి దిగకుండా కుట్టిన బ్లైండ్ స్టిచ్ అడగండి. జిప్ వెనక వెడల్పాటి ఫ్లాప్, మణికట్టు, చీలమండల దగ్గర నున్నటి రబ్బరు పట్టీలు ఉంటే ఇంకా మంచిది.

మందం విషయానికొస్తే, అండమాన్‌లో మామూలు మనిషికి 3 మి.మీ. ఫుల్ సూట్ సరిపోతుంది. అక్కడ చాలాచోట్ల మోకాళ్ల దాకా ఉండే షార్టీ ఇస్తారు, మీకు ఇచ్చింది అదే అయితే వణుకు రావడంలో వింత లేదు. బాలి లెక్క వేరు. బాలి ఈశాన్య తీరంలోని తులాంబెన్ వైపు నీళ్లు 27, 28 డిగ్రీలు ఉండొచ్చు గానీ బాలి పక్కనున్న నుసా పెనిడా దీవి దగ్గర జూలై నుంచి అక్టోబర్ మధ్య అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి, అవి వచ్చినప్పుడే మోలా మోలా అనే భారీ సన్‌ఫిష్ చేపలు కూడా కనిపిస్తాయి. ఆ సీజన్‌లో 20 డిగ్రీల కిందకి పడిన రోజులూ ఉంటాయి. అడుగులో ఒక గీత దాటగానే చల్లదనం మొహానికి కొట్టినట్టు తగులుతుంది. దానికి 3 మి.మీ. అస్సలు చాలదు. 7 మి.మీ. తీసుకుంటే అండమాన్‌లో, వైజాగ్ రుషికొండలో ఉడికిపోతారు, అది మూలన పడుతుంది. 5 మి.మీ. కి హుడ్ వెస్ట్ జోడిస్తే రెండు చోట్లా పనికొస్తుంది, వెచ్చగా ఉన్నచోట వెస్ట్ తీసేయొచ్చు. నా ఓటు హుడ్‌కే. తక్కువ డబ్బుతో ఎక్కువ తేడా తెచ్చేది అదే.

ఆన్‌లైన్‌లో కొనొచ్చు, కానీ సైజు మార్చుకోవడానికి, వాపసు ఇవ్వడానికి ఒప్పుకునే వాళ్ల దగ్గరే కొనండి. ఎత్తు, బరువు, ఛాతీ, నడుం, తుంటి అన్నీ టేపుతో కొలిచి ఆ కంపెనీ చార్ట్‌తోనే పోల్చండి, చుడీదార్ సైజు ఇక్కడ పనికిరాదు. కొరియర్ వచ్చింది కదా అని మిట్టమధ్యాహ్నం చెమట ఒంటితో ఎక్కించుకోవద్దు. ఏసీ గదిలో, పొడి ఒంటితో ప్రయత్నించండి. పాదానికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగితే కాలు సర్రున దిగుతుంది. లాగేటప్పుడు గోళ్లతో కాదు, వేళ్ల మెత్తటి భాగంతో పట్టుకోవాలి. గోరు దిగితే నియోప్రీన్ మీద నెలవంక ఆకారంలో చీలిక పడుతుంది, అది అక్కణ్ణుంచే పెరుగుతుంది.

నేను కొత్త సూట్‌ని సముద్రానికి తీసుకెళ్లేముందు జనవరి పొద్దున్నే స్విమ్మింగ్ పూల్‌లో, వాళ్లని ముందే అడిగి, వేసుకుని దిగుతాను. నీళ్లలో ముందుకి వంగి, తల తిప్పి, చేతులు చాచి చూస్తే చల్లటి నీళ్లు ఎక్కణ్ణుంచి దూరుతున్నాయో తెలిసిపోతుంది. మా ఫ్రెండ్ సూట్‌లో మెడ వెనక నుంచి నడుం దాకా ఒక గీతలా జారడం అక్కడే బయటపడింది. అయితే తడిసిన సూట్‌ని వాపసు తీసుకోరు, కాబట్టి ఇంట్లో అద్దం ముందు పరీక్ష అయ్యాకే పూల్.

సూట్ మందం పెరిగితే తేలడం పెరుగుతుంది. మీ కోర్సులో మునగడానికి నడుముకి కట్టుకున్న బరువులు సరిపోవు. మొదటి రోజు సిలిండర్‌లో గాలి చివరికొచ్చి మీటర్ మీద 50 బార్ ఒత్తిడి మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర నిలకడగా ఆగగలుగుతున్నారా అని ఇన్‌స్ట్రక్టర్‌తో చెక్ చేయించుకోండి.

డైవ్ అయ్యాక మంచినీళ్లలో జాడించి, ముందు తిరగేసి నీడలో ఆరేయండి. మన డాబా మీద ఎండలో వేస్తే ఆ ఎండకి రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తాయి. సన్న తీగ హ్యాంగర్ వద్దు, వెడల్పు భుజాలది వాడండి. మడత పెట్టి బీరువాలో నెలల తరబడి ఉంచితే మడత దగ్గర బుడగలు చచ్చి అక్కడ చలి తగులుతుంది. ఇంకొకటి, తడి సూట్‌తో బోటు మీద గాలికి కూర్చోవద్దు. పైన రెయిన్ జాకెట్ వేసుకోండి, రెండో డైవ్‌కి ముందు వేడి మిగిలేది దానివల్లే.

మొదటిసారే డబ్బులు పెట్టడం ఇబ్బందైతే బాలిలో మీరు బుక్ చేసుకున్న డైవ్ షాపుకి ఇప్పుడే మెసేజ్ పెట్టి, మీ కొలతలకి 5 మి.మీ. ఫుల్ సూట్, హుడ్ అద్దెకి ఉన్నాయా, సూట్ ఎంత పాతది అని అడగండి. పాతబడ్డ 5 మి.మీ. సూట్ నలిగి 3 మి.మీ. దానిలా పనిచేస్తుంది. అప్పుడు హుడ్ వెస్ట్ ఒక్కటి ఇక్కణ్ణుంచి కొనుక్కెళ్తే సరిపోతుంది.