వెదురులో కాపురముండే కప్ప కోసం వెళ్తున్న మేనల్లుడికి

ఒరేయ్ రవీ,

తమిళనాడులోని కలక్కాడ్–ముండంతురై అడవిలో కప్పల సర్వేకి వాలంటీరుగా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నీ ఫోటోల పిచ్చి నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా, అక్కడ ఒక్క వెదురు కూడా చీల్చకు.

నువ్వు వెతకబోయే చాలజోడెస్ పొద కప్ప సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఒళ్లంతా మెరిసే పచ్చ, తొడలు బూడిద కలిసిన నీలం. 1876లో గుంథర్ అనే జంతుశాస్త్రవేత్త దానికి పేరు పెట్టాక ఎవరి కంటా పడలేదు, మళ్లీ దొరికిందని 2011లో ప్రకటించారు. అన్నేళ్లు ఎక్కడ దాక్కుందంటే ఓక్లాండ్రా అనే సన్న వెదురు లోపల! గణుపు దగ్గర చిన్న చీలిక ఉంటే అందులోంచి దూరిపోతుంది, గుడ్లూ అక్కడే. తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప బయటికొస్తుంది. అప్పటిదాకా కాపలా తండ్రిదే, తల్లిది కాదు. ఆయన లేకపోతే అదే జాతి కప్పలు వచ్చి గుడ్లు తినేస్తాయి, కాబట్టి నువ్వు ఫోటో కోసం మగకప్పని బయటికి రప్పిస్తే దాని సంసారానికే ముప్పు.

అందుకే ముందు కళ్లు కాదు, చెవులు. చీకటి పడ్డాక లైటు తగ్గించి, కదలకుండా నిలబడి, కూత ఏ బొంగులోంచి వస్తోందో పట్టుకో. మొదట్లో అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది, టెన్షన్ పడకు. లోపల చూడాలంటే సన్న ఎండోస్కోప్ కెమెరా వాడతారు, అది మీ టీమ్ వాళ్లు పెడితేనే, నువ్వు పెట్టకు.

చేతులకి దోమల క్రీములు రాయొద్దు, కప్ప చర్మం ఏదైనా పీల్చేసుకుంటుంది. వేరే అడవి నుంచి వస్తుంటే బూట్ల మట్టి కడిగి, క్రిమిసంహారక మందునీళ్లతో తుడిచి, బాగా ఆరబెట్టు, కప్పల్ని చంపే కైట్రిడ్ అనే శిలీంధ్రం అలాగే పాకుతుంది. లొకేషన్ మాత్రం ఇన్‌స్టాలో పెట్టావంటే మీ నాన్న కంటే ముందు నేనే తిడతా.

అటవీశాఖ అనుమతి కాగితం జిరాక్స్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో. జలగలు పట్టకుండా వేసుకునే సాక్సులు రెండు జతలు కొను, వానాకాలంలో అక్కడ ఒకసారి తడిసింది ఓ పట్టాన ఆరదు.

మామయ్య