బయట గర్జన, లోపల హోరు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా పెద్ద ఇంజన్ ఎస్‌యూవీల చప్పుడు గురించే. కొందరికి చాలడం లేదట, కొందరు భరించలేకపోతున్నారట. ఐదింటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండీ. నాది వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఎస్‌యూవీ. కంపెనీ సైలెన్సర్ మరీ మెత్తగా ఉందని మొత్తం ఎగ్జాస్ట్ మార్పించాను. బయట నిలబడి వింటే అదిరిపోతోంది. కానీ హైవే మీద నిలకడగా వెళ్తుంటే 1800 ఆర్పీఎం దగ్గర లోపల ఒకటే హోరు, అరగంటకే తలనొప్పి. యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే పోతుంది. ఏమైనా పాడైందా?

జవాబు: ఏదీ పాడవలేదండీ, మీ డబ్బులు తప్ప. కొంచెం లెక్క ఉంది, ఓపిగ్గా చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి మండుతుంది. 1800 ఆర్పీఎం (నిమిషానికి 1800 చుట్లు) అంటే సెకనుకు 30 చుట్లు, ఎనిమిది సిలిండర్లూ పనిచేస్తే సెకనుకు 120 సార్లు మంట, అంటే 120 హెర్ట్జ్ శబ్దం. అయితే చాలా వీ8 బళ్లు భారం లేనప్పుడు పెట్రోల్ మిగల్చడానికి నాలుగు సిలిండర్లను పడుకోబెడతాయి. అప్పుడు ఆ 120 కాస్తా 60 అవుతుంది.

ఇప్పుడు మీ బండి లోపలికి రండి. సెడాన్‌లో డిక్కీ వేరే గది. ఎస్‌యూవీలో ముందు అద్దం నుంచి వెనక తలుపు దాకా అంతా ఒకటే హాలు, పొడవు సుమారు మూడు మీటర్లు అనుకుందాం. గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. ఆ హాల్లో సరిగ్గా సగం అల పట్టే శబ్దం ఎంతని లెక్కేస్తే 57 హెర్ట్జ్ వస్తుంది. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే ఒక్క స్వరానికే మోగినట్టు, మీ క్యాబిన్ కూడా ఆ 60 దగ్గర మోగుతోంది. గట్టిగా తొక్కితే ఎనిమిదీ లేచి శబ్దం 60 దాటిపోతుంది, అందుకే హోరు ఆగుతుంది. నమ్మకం కుదరకపోతే ఈసారి వేరొకరిని నడపమని, మీరు వెనక కూర్చుని తల వెనక తలుపు వైపు ఒకసారి, మధ్య వరుస వైపు ఒకసారి పెట్టి వినండి. చివర్లో హోరు, మధ్యలో చాలా తక్కువ. అందుకే మధ్య వరుసలో వాళ్లు ‘మాకేం వినపడట్లేదే’ అంటారు, మీకేమో ఒళ్లు మండుతుంది.

సిలిండర్లు పడుకోవడమే కారణమా అన్నది తేల్చుకోవడం తేలిక. స్పోర్ట్ మోడ్‌లో చాలా బళ్లు ఎనిమిదింటినీ నడుపుతాయి. అదే ఆర్పీఎం దగ్గర స్పోర్ట్‌లో హోరు మాయమైతే దొంగ దొరికినట్టే. కంపెనీవాళ్లకు ఈ గొడవ ముందే తెలుసు కాబట్టి పొగ పోయే దారిలో రెసొనేటర్ (ఇలాంటి హోరును అణిచే డబ్బా) పెడతారు, కొన్ని బళ్లలో పైకప్పు లైనింగ్‌లో మైకులు పెట్టి స్పీకర్ల నుంచి ఎదురు శబ్దం కూడా వదులుతారు. మీరు రెసొనేటర్‌ను పీకించేశారు, పాపం ఆ మైకులు మాత్రం ఎంతకని లాక్కొస్తాయి?

పక్కగా ఒక మూతి మూసిన గొట్టం అతికిస్తే హోరు పోతుందని మెకానిక్ చెప్పవచ్చు. 120 హెర్ట్జ్‌కి అది బాగానే పనిచేస్తుంది. 60కి మాత్రం ఆ గొట్టం చల్లటి గాలి లెక్కలోనే 1.4 మీటర్లు ఉండాలి, వేడి పొగలో ధ్వని ఇంకా వేగంగా పోతుంది కాబట్టి ఇంకా పొడుగు. బండి కింద అంత చోటెక్కడిది? తలుపులకు అతికించే డ్యాంపింగ్ షీట్ల జోలికీ పోకండి, ఇంత బరువైన శబ్దానికి వాటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. నన్నడిగితే మధ్యలో కంపెనీ రెసొనేటర్ తిరిగి పెట్టించి, చివరి సైలెన్సర్ మాత్రం మీ కొత్తదే ఉంచుకోండి. గర్జన కొంచెం తగ్గుతుంది, తలనొప్పి చాలా తగ్గుతుంది.

ప్రశ్న: పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా లేస్తోంది. కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. ఎందుకిలా?

జవాబు: పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ సుమారు 250, 300 డిగ్రీలకు వేడెక్కితే గానీ సరిగ్గా పనిచేయదు. దాన్ని తొందరగా వేడి చేయడానికి కంప్యూటర్ ఐడిల్ పెంచి, స్పార్క్‌ను ఆలస్యం చేసి, మంట వేడిని పైపులోకి తోస్తుంది. చాలా బళ్లలో సైలెన్సర్ పైపులో చప్పుడును తగ్గించే, పెంచే వాల్వులు కూడా అప్పుడు తెరుచుకునే ఉంటాయి. మీ బండిలో క్వైట్ స్టార్ట్ (చప్పుడు తక్కువగా స్టార్ట్ చేసే సెట్టింగ్) ఉంటే పెట్టుకోండి, లేకపోతే అక్కడే నిలబెట్టకుండా మెల్లగా కదిలిపోండి. ఒకటి మాత్రం గమనించండి: చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక ఆగిపోతే అది వేరే సంగతి. ఇంజన్ నుంచి పొగను పైపులోకి చేర్చే మ్యానిఫోల్డ్ దగ్గర, అతుకులో పెట్టే గ్యాస్కెట్టో, విరిగిన బోల్టో పొగ వదులుతోంది. ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటుంది, అందుకే మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి చప్పుడు ఉండదు! బండిని రాత్రంతా అక్కడే వదిలి పొద్దున్న వినిపించండి. సందు దగ్గర నల్లటి మసి మరక కూడా కనిపిస్తుంది.

ప్రశ్న: స్పోర్ట్ మోడ్‌లో వినిపించే శబ్దం స్పీకర్లలోంచి వస్తుందట కదా. ఇంత పోసి కొంటే ఇది మోసం కాదా?

జవాబు: చాలా బళ్లలో నిజమే. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లోనే ఇంజన్ శబ్దాన్ని స్పీకర్లలో వినిపించారు. పొగ ఊపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో చక్రం ఆ ఊపును తినేస్తుంది, పైగా యూరప్‌లో 2018 నాటికి పెట్రోల్ ఇంజన్లకు కూడా మసి పట్టే ఫిల్టర్లు వచ్చాయి. ఇక గొంతు ఎక్కడ మిగులుతుంది? నాకైతే మోసం అనిపించదు గానీ, ఆపేసే బటన్ ఇవ్వకపోతే మాత్రం కోపం వస్తుంది. అసలుదేదో తెలియాలంటే అద్దాలు దించి పొడవాటి గోడ పక్కగా వెళ్లండి, గోడ తిప్పి పంపేదే మీ ఇంజన్. జీప్ ట్రాక్‌హాక్ లాంటి 6.2 లీటర్ల సూపర్‌చార్జర్ (ఇంజనే తిప్పే గాలి పంపు) బండిలో వినిపించే ఆ సన్నటి కూత అసలు సైలెన్సర్‌దే కాదు, ముందు బానెట్ కింద నుంచి వస్తుంది. టర్బో లేని అసలు గొంతే కావాలంటే ఫెరారీ పురోసాంగ్వేలో 6.5 లీటర్ల వీ12 ఉంది, అది మనలో ఎంతమందికి అందుతుందన్నది వేరే విషయం.

ప్రశ్న: నా వీ6కి మంచి ఎగ్జాస్ట్ వేయిస్తే వీ8 శబ్దం వస్తుందా?

జవాబు: రాదు. ఎస్‌యూవీల్లో ఎక్కువగా వాడే క్రాస్‌ప్లేన్ (క్రాంక్‌షాఫ్ట్ ఎదురు నుంచి చూస్తే + ఆకారంలో ఉండే) వీ8లో మంటల వరస ఎడమకీ కుడికీ సమంగా పంచుకోదు, ఒకే వైపు రెండు వెంటవెంటనే మండుతాయి. ఆ గుడగుడ అక్కడిది. మీ క్రాంక్‌షాఫ్ట్‌లో లేనిది పైపులో ఎలా వస్తుంది?

ప్రశ్న: యాక్సిలరేటర్ వదలగానే పటపటమని పేలేలా ట్యూన్ చేస్తామంటున్నారు. చేయించనా?

జవాబు: వద్దు. కంపెనీ పెట్టిన పటపటలకు ఒక హద్దు ఉంటుంది. బయట చేసే ట్యూన్‌లో పెట్రోల్‌ను ఎగ్జాస్ట్‌లోనే మండిస్తారు, ఆ వేడికి కన్వర్టర్ లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ కరిగి విరుగుతుంది. ఇప్పటికే చేయించి ఉంటే, బండి చల్లారాక కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. లోపల గలగలమంటే పని అయిపోయినట్టే, ముక్కలు ముందుకు పోయి దారి మూసేయకముందే మార్చేయండి.